పాత 175 రోడ్డు బండిని ట్రయల్స్ బండిగా మార్చాలి: ఎక్కడ మొదలుపెట్టాలి?

పాతబండి175 (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలా రోజులుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. మా పెదనాన్న వాడి మూలన పెట్టేసిన 175 సీసీ టూ స్ట్రోక్ బండి నా చేతికొచ్చింది. నాలుగు గేర్లు, రెండు వైపులా 18 అంగుళాల చక్రాలు, డ్రమ్ బ్రేకులు. ఇంజిన్ బాగానే ఉంది, మూడో కిక్కుకి అందుకుంటోంది.

ఈమధ్య ఒక ట్రయల్స్ పోటీ చూశాను. అందరూ కొత్త బండ్లమీద ఎగురుతుంటే ఒకాయన మాత్రం పాత రోడ్డు బండిని మార్చుకుని వచ్చాడు. టుక్కు టుక్కుమని, మనిషి నడిచేంత వేగంతో, వాగులో రాళ్ళమీద నుంచి కాలు కింద పెట్టకుండా దాటేశాడు. ఆ శబ్దం ఇంకా చెవుల్లోనే ఉంది.

నా ప్లాన్ ఇది. ఫ్రేమ్ వెనక తోక కోసేయడం, హెడ్ పైపు (ఫ్రేమ్ ముందు హ్యాండిల్ తిరిగే పైపు) కోసి కోణం మార్చి మళ్ళీ అతికించడం, బోరుకి పోర్టింగ్ చేయించి (గ్యాసు దారులు అరగదీసి పెద్దవి చేయించి) పవర్ పెంచడం, చివర్లో రంగు. గ్రైండర్ కూడా తెచ్చిపెట్టుకున్నాను. ఏమంటారు?

---

గ్రీజుచేతులు

ముందు ఆ గ్రైండర్ ప్లగ్గు పీకి అటకమీద పెట్టు బాబూ. తర్వాత మాట్లాడుకుందాం.

నేను చూసినంతలో మధ్యలో ఆగిపోయిన మార్పిడి బండ్లన్నీ మొదటిరోజే ఫ్రేమ్ కోసినవే. కోసిన మర్నాటికి బండి బండిలా ఉండదు, తుక్కు కుప్పలా ఉంటుంది. ఉత్సాహం వారంలో చల్లారుతుంది. నువ్వు రాసిన నాలుగు పనుల్లో రెండు అసలే అక్కర్లేదు, ఒకటి ఇప్పుడొద్దు, రంగు నీ ఇష్టం.

ట్రయల్స్‌లో బండి నడిపేది నిలబడి. కాబట్టి నువ్వు ఎక్కడ నిలబడతావు, చేతులు ఎక్కడ ఉంటాయి అన్నదే మొదటి ప్రశ్న. రోడ్డు బండికి ఫుట్‌రెస్టులు కూర్చునేవాడి కోసం పెట్టినవి. వాటిమీద లేచి నిలబడితే బరువంతా ముందుకు తూలుతుంది, ముందు చక్రం రాయి ఎక్కనంటుంది. వాటిని స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని మోసే ఊగే చెయ్యి) పిన్ను దగ్గరికి, కుదిరితే దానికి కాస్త వెనక్కి, కిందికి జరపాలి. తర్వాత హ్యాండిల్. ఐదారు అంగుళాలు పైకి లేచిన వెడల్పాటిది కావాలి. మోకాళ్ళు దాదాపు నిటారుగా ఉంచి నిలబడితే మోచేతులు కొంచెం వంగి ఉండాలి, నడుం వంగకూడదు.

ఆ రెండూ, తక్కువ గేరింగు, ట్రయల్స్ టైర్లు. ఈ నాలుగూ చేసి ఒక నెల నడుపు. బండిలో ఇంకేం మార్చాలో అప్పుడు బండే చెబుతుంది.

---

టూస్ట్రోక్‌పొగ

గ్రీజుచేతులు గారి మాటకి నా ఓటు. పోర్టింగ్ గురించి ఒక్క ముక్క: ఎగ్జాస్ట్ పోర్టు పైకి లేపితే పవర్ పైన ఆర్పీఎంలో వస్తుంది, కింద ఏమీ మిగలదు. నీకు కావాల్సింది సరిగ్గా దానికి రివర్స్. ఆ పాత బోరులో కంపెనీ వాళ్ళు పెట్టిన చిన్న పోర్టులే నీకు వరం. ఫైలు దగ్గరికి రానివ్వకు.

---

కొత్తకుర్రాడు

మధ్యలో దూరుతున్నందుకు సారీ అన్నా. ట్రయల్స్ అంటే రేసేగా? పవర్ లేకుండా ఎలా గెలుస్తారు?

---

సున్నామార్కులు

రేసు కాదు తమ్ముడూ. టేపులు కట్టిన చిన్న చిన్న ముక్కలు ఉంటాయి, సెక్షన్లంటారు. రాళ్ళు, వేళ్ళు, బురద గట్టు, వాగు. ఒక్కో సెక్షన్ దగ్గర ఒక అబ్జర్వర్ నిలబడి మార్కులు వేస్తాడు. కాలు కింద పెట్టకుండా దాటితే సున్నా. ఒకసారి పెడితే ఒకటి, రెండుసార్లకి రెండు, మూడు లేదా అంతకన్నా ఎక్కువైతే మూడు. పడిపోయినా, టేపు దాటినా ఐదు. ఆగకూడదన్న రూలున్న పోటీల్లో బండి ఆగినా ఐదే. చివరికి ఎవరికి తక్కువ మార్కులుంటే వాళ్ళు గెలిచినట్టు. పరీక్షల్లో నాకు బాగా అలవాటైన మార్కులు కాబట్టే ఈ ఆట పట్టుకున్నాను.

---

పాతబండి175

గ్రైండర్ అటకెక్కింది. (మా ఆవిడ మీ అందరికీ థాంక్స్ చెప్పమంది.)

గేరింగు ఎంత తగ్గించాలో లెక్క ఎలా కట్టాలి? ఇప్పుడు చైను స్ప్రాకెట్లకి ముందు 15 పళ్ళు, వెనక 45. ఇంజిన్ నుంచి క్లచ్‌కి 2.6, ఫస్ట్ గేరు 2.9 అని మాన్యువల్లో ఉంది.

---

లెక్కలమాస్టారు

లెక్కంటే నన్ను పిలిచినట్టే. 45 బై 15 అంటే 3. 2.6 ఇంటూ 2.9 ఇంటూ 3. వచ్చింది 22.6. అంటే ఇంజిన్ 22.6 చుట్లు తిరిగితే వెనక చక్రం ఒక్క చుట్టు.

4.00-18 ట్రయల్స్ టైరు ఒక చుట్టుకి సుమారు 2.05 మీటర్లు పోతుంది. ఐడ్లింగు 1200 అనుకుందాం. నిమిషానికి 53 చుట్లు, 109 మీటర్లు, గంటకి ఆరున్నర కిలోమీటర్లు. మనిషి మామూలు నడక ఐదు. అంటే నీ బండి క్లచ్ పూర్తిగా వదిలేసినా నడిచేవాడి కంటే ముందే పోతోంది. రాళ్ళ మధ్య మలుపు తిరగాలంటే ప్రతిసారీ సగం క్లచ్ పట్టుకోవాలి. వేళ్ళు పడిపోతాయి, ప్లేట్లు కాలిపోతాయి.

ఇప్పుడు ముందు 12, వెనక 52 వేయి. 52 బై 12 అంటే 4.33. మొత్తం 32.7 అవుతుంది. అదే 1200 మీద గంటకి నాలుగున్నర కిలోమీటర్లు. ఇది నడక కన్నా తక్కువ. క్లచ్ వదిలేసి బండిని దాని మానాన పోనివ్వచ్చు.

దీనికి మూల్యం ఏమిటంటే, టాప్ గేరులో 90 పోయే బండి 62 దగ్గర గోల పెడుతుంది. నీకెందుకు అది!

---

వెల్డర్‌బాబాయ్

మాస్టారు కాగితం మీద చెప్పారు, నేను చేతిమీద చెబుతాను. ముందు స్ప్రాకెట్ చిన్నదైతే చైను పైదారి కిందికి దిగి స్వింగ్ ఆర్మ్‌కి రాసుకుంటుంది. 13 నుంచి 12కి దిగినప్పుడు నా బండిలో రెండు వారాల్లో పైపు మీద గాడి పడింది. పిన్ను దగ్గర పైనా కిందా నైలాన్ ముక్క బిగించు. 11కి మాత్రం దిగకు. అంత చిన్న స్ప్రాకెట్ మీద చైను లింకులు బాగా ఎక్కువ వంగి గబగబా అరిగిపోతాయి.

వెనక 52 పళ్ళది 428 సైజు చైనుకి 210 మిల్లీమీటర్ల వ్యాసం ఉంటుంది. రాయి మీద నుంచి దిగేటప్పుడు అదే ముందు తగిలేది. కింద, చైను స్ప్రాకెట్ మీదకి ఎక్కే చోట అల్యూమినియం రెక్క ఒకటి పెట్టు. పళ్ళలో వేలు పడకుండా కూడా పనికొస్తుంది. చాలా పోటీల్లో బండి చెకింగ్ దగ్గరే అది అడుగుతారు.

---

పాతబండి175

వారం అప్‌డేట్. కోయడం లేదు, విప్పడం మాత్రమే. బాత్రూమ్ తూకం మీద ముందు చక్రం, తర్వాత వెనక చక్రం పెట్టి కూడాను: 121 కిలోలు. తీసినవన్నీ ఒక్కొక్కటే తూచాను.

సెంటర్ స్టాండ్ ఒక్కటే 4.2 కిలోలు, నమ్మలేకపోయాను. ఇన్నాళ్ళూ ఒక చంటిపిల్లని కింద వేలాడదీసుకు తిరిగామన్నమాట. బ్యాటరీ 2.4. హెడ్‌లైటు, మీటర్లు, ఇండికేటర్లు, హారను కలిపి 2.7. చైన్ కవరు 1.1. వెనక కూర్చునేవాళ్ళ ఫుట్‌రెస్టులు, పట్టుకునే రాడ్డు 1.3. సీటు తీసి పల్చటి స్పాంజి ముక్క పెడితే 4 కిలోలు మిగిలింది. ఇనప మడ్‌గార్డుల బదులు ప్లాస్టిక్‌వి వేస్తే 2.8. సైలెన్సర్ మార్చితే 2.7, చిన్న ట్యాంకు వల్ల ఇంకో 2.4 తగ్గుతుంది.

మొత్తం 23.6. ఇంకా ఎక్కడ తీయొచ్చు?

---

గ్రీజుచేతులు

అక్కడ ఆగు. టైర్లు, ముందు వేయాల్సిన 21 అంగుళాల రిమ్ము, ఇంజిన్ కింద ప్లేటు కలిసి మూడున్నర కిలోలు మళ్ళీ ఎక్కుతాయి. నూటొక్క కిలో దగ్గర తేలుతుంది. ఈనాటి పోటీ బండ్లు 65 నుంచి 70 కిలోలు, వాటితో పోల్చుకుంటే ఏడుపొస్తుంది. నీ బండి ఆడేది పాత బండ్ల క్లాసులో, పాత బండ్లతోనే.

బోల్టులకి రంధ్రాలు వేసి గ్రాములు మిగిల్చేవాళ్ళని చూశాను. ఆ బోల్టు సెక్షన్ మధ్యలో తెగింది. బరువు ఎంత అన్నదానికన్నా ఎక్కడ ఉంది అన్నది ముఖ్యం. పైనున్నదీ చివర్లలో ఉన్నదీ తీసెయ్, కింద మధ్యలో ఉన్నదాని జోలికి పోకు.

---

కిక్‌రాడ్డు

ఇంజిన్ సంగతి అందరూ దాటేస్తున్నారు. బ్యాటరీ తీసేశావు సరే, నీ బండిలో స్పార్కు దేనిమీద వస్తోంది? బ్యాటరీ కాయిలైతే స్టార్టే అవదు. మాగ్నెట్ మీద నడిచేదైతే దిగుల్లేదు.

---

పాతబండి175

మాగ్నెట్టే. బ్యాటరీ తీసేశాకే కిక్ కొట్టి చూశాను. అది కూడా చూసుకోకుండా తీసేశానని ఇప్పుడు తెలిసి కాస్త సిగ్గుగా ఉంది.

---

టూస్ట్రోక్‌పొగ

అయితే ఇంజిన్‌కి మూడే పనులు. ఒకటి, కంప్రెషన్ కొంచెం తగ్గించు. ఎక్కువ కంప్రెషన్ ఉంటే ఐడ్లింగులో ఇంజిన్ ఒక్కో దెబ్బకి కుదుపుతుంది, వెనక టైరు పట్టు వదిలేస్తుంది. హెడ్డు లేత్ మీద పెట్టించి గది పెద్దది చేయించు. రెండు గ్యాస్కెట్లు ఒకదానిమీద ఒకటి పెట్టే చిట్కా చేయొద్దు, హెడ్డు అంచుకీ పిస్టనుకీ మధ్య సందు పెరిగి మంట సరిగా అంటుకోదు.

రెండు, చిన్న కార్బొరేటర్. 26 ఉంటే 22కి దిగు. సన్నటి దారిలో గాలి వేగంగా పోతుంది, తక్కువ ఆర్పీఎంలో కూడా పెట్రోలు బాగా లాగుతుంది. థ్రాటిల్ ముట్టుకోగానే బదులిస్తుంది.

మూడు, మాగ్నెట్‌కి బరువు. ఆ మాగ్నెట్ చక్రం అంచున ఇత్తడి రింగు ఒకటి బిగిస్తే ఇంజిన్ ఆరిపోవడం మర్చిపోతుంది. అదే బరువు రెండింతలు దూరంలో పెడితే ప్రభావం నాలుగింతలు, కాబట్టి అంచునే పెట్టాలి.

---

గ్రీజుచేతులు

మొదటి రెండూ సరే. మూడోదానితో నాకు పేచీ ఉంది.

బరువు పెంచితే బురద గట్టు మీద హాయిగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ మెట్టులాంటి రాయి ముందు థ్రాటిల్ చిటికేసి ముందు చక్రం లేపాలంటే ఇంజిన్ వెంటనే లేవాలి. బరువైన మాగ్నెట్‌తో అది బద్ధకంగా లేస్తుంది. పైగా ఆ బరువంతా క్రాంకు చివర టేపరు మీద వేలాడుతుంది. సన్నటి పాత క్రాంకులకి అది మంచిది కాదు. నాది అలాగే మాగ్నెట్‌ని క్రాంకు మీద కదలకుండా పట్టే చిన్న కీ ముక్క తెగి, మాగ్నెట్ తిరిగిపోయి టైమింగ్ పోయింది. కొండమీద నుంచి తోసుకుంటూ దిగాను.

---

టూస్ట్రోక్‌పొగ

గురువుగారూ, మీరు పెట్టినది కిలో పైనే అని మీరే ఒకసారి రాశారు! నేనంటున్నది అరకిలో. రింగు సరిగ్గా మధ్యలో ఉండేలా లేత్ మీద తిప్పించాలి, టేపరు ముఖం గ్రైండింగ్ పేస్టుతో అరగదీసి పూర్తిగా ఆనేలా చేయాలి. అప్పుడు ఏమీ అవదు.

---

గ్రీజుచేతులు

కిలోంపావు. ఒప్పుకున్నాను. అయినా నా సలహా మారదు: ముందు రింగు లేకుండా నడిపి చూడు. ఆరిపోతుంటే అప్పుడు పెట్టు. తీసేసే పనికంటే పెట్టే పని ఎప్పుడూ తేలికే.

---

వెల్డర్‌బాబాయ్

హెడ్ పైపు కోణం గురించి ఎవరూ తేల్చలేదు, నేను తేలుస్తాను.

రోడ్డు బండికి అది నిలువు నుంచి 27 డిగ్రీల దగ్గర ఉంటుంది, ట్రయల్స్ బండికి 24 చుట్టుపక్కల. కోణం నిటారుగా ఉంటే ఇరుకు మలుపులో హ్యాండిల్ తేలిగ్గా తిరుగుతుంది. ఇక్కడ తమాషా ఏమిటంటే, ముందు 18 తీసి 21 చక్రం వేస్తే ముందు ఇరుసు 38 మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. వెనక 3.00 బదులు 4.00 టైరు వేస్తే 20 లేస్తుంది. అంటే ముందు భాగం 18 ఎక్కువ లేచినట్టు. చక్రాల మధ్య 1300 ఉన్న బండికి 23 మిల్లీమీటర్లు ఒక డిగ్రీ. మంచి చేద్దామని చక్రం మార్చి ముప్పావు డిగ్రీ చెడగొట్టుకున్నాం!

ఇప్పుడు కోయకుండా దారి. ఫోర్కు పైపుల్ని టీలో (రెండు పైపుల్నీ పట్టి ఉంచే బిగింపులో) 20 మిల్లీమీటర్లు పైకి జరుపు. ముప్పావు డిగ్రీ తిరిగొచ్చింది. వెనక షాకబ్జర్లు పాతిక మిల్లీమీటర్లు ఎక్కువ పొడుగున్నవి వేయి. ఇంకో డిగ్రీ చిల్లర వస్తుంది, నేలనుంచి ఎత్తు కూడా పెరుగుతుంది. మొత్తం 26 దగ్గరికొచ్చావు. ట్రెయిల్ (హెడ్ పైపు గీత నేలని తాకే చోటికీ ముందు టైరు తాకే చోటికీ మధ్య దూరం) లెక్కలో చెప్పాలంటే, టీ ముందుకు 60 మిల్లీమీటర్లు ఉందనుకుంటే 104 ఉన్నది 98 అవుతుంది. కోసి 24 చేస్తే 84. ఆ తేడా తెలిసేది బాగా నడిపేవాడికే. నీకూ నాకూ తెలిసేది స్టాపరు.

హ్యాండిల్ ఎంత తిరుగుతుందో ఆపే చిన్న ముక్క ఉంటుంది కదా, రోడ్డు బండిలో అది నలభై డిగ్రీల దగ్గరే ఆపేస్తుంది. దాన్ని ఫైలుతో కొంచెం కొంచెం తగ్గించు. గ్రైండర్ కాదు, ఫైలు! ఒక్కో వైపు రెండు మిల్లీమీటర్లు తీసి, ఫోర్కు ట్యాంకుకి తగులుతోందేమో, కేబుళ్ళు నలుగుతున్నాయేమో చూసుకుంటూ పో. చిన్న ట్యాంకు అసలు ప్రయోజనం బరువు కాదు, ఇదే.

---

బుల్లెట్‌ప్రాణం

ఇంత చిన్న బండితో ఎందుకండీ ఈ తంటాలు? బుల్లెట్‌ని మార్చుకోండి. బుల్లెట్ ట్రయల్స్‌లో ఆడిన బండే అని మా నాన్నగారు అనేవారు, నిజమేనా?

---

గ్రీజుచేతులు

నాన్నగారు నిజమే చెప్పారు. 1948లో వెనక స్వింగ్ ఆర్మ్ ఉన్న 350 బుల్లెట్ మొదట జనానికి కనబడిందే బ్రిటన్‌లో ఒక ట్రయల్స్ పోటీలో. అప్పటికి ట్రయల్స్ ఆడే మిగతా బండ్లకి దాదాపుగా వెనక స్ప్రింగులే లేవు, గట్టి ఫ్రేములు. చూసినవాళ్ళు నవ్వారట, వెనక చక్రం ఊగితే పట్టు ఎలా దొరుకుతుందని. తర్వాత జానీ బ్రిట్టెన్ అనే ఆటగాడు అదే 350 మీద స్కాట్లండ్ ఆరు రోజుల ట్రయల్‌ని 1952లో, 1957లో గెలిచాడు. నవ్విన అందరూ వెనక స్ప్రింగులు పెట్టుకున్నారు.

సామీ మిల్లర్ అయితే 500 సీసీ ఏరియల్ మీద 1964లో అదే పోటీ గెలిచి, మరుసటి ఏడు 1965లో 244 సీసీ బుల్టాకో టూ స్ట్రోక్ మీద గెలిచాడు. ఒకే మనిషి, పెద్ద బండి మీదా చిన్న బండి మీదా. తేలిక టూ స్ట్రోకుల కాలం అక్కడినుంచే ఊపందుకుంది.

బుల్లెట్ మార్చుకోవచ్చు, ఆ శబ్దం ముందు ఏదీ నిలవదు. కానీ పడితే లేపాల్సింది నువ్వే. మొదటి బండికి చిన్నదే మేలు.

---

పాతబండి175

మూడు వారాల తర్వాత వచ్చాను. ఒక సంతోషం, రెండు దుఃఖాలు.

సంతోషం: 21 రిమ్ము పాత హబ్బుకే ఎక్కింది. రెండింటికీ 36 రంధ్రాలే. స్పోకులు మాత్రం 38 మిల్లీమీటర్లు పొడుగువి చేయించాల్సి వచ్చింది. నేనే కూర్చుని అల్లాను. మొదటిసారి రిమ్ము ఎనిమిది అంకెలా వచ్చింది, మూడోసారికి గుండ్రంగా తిరిగింది.

మొదటి దుఃఖం: ఆన్‌లైన్‌లో కొన్న 52 పళ్ళ స్ప్రాకెట్‌కి మధ్య రంధ్రం పక్కకుంది. చక్రం ఒక చుట్టు తిరిగేలోపు చైను ఒకచోట బిగుసుకుపోయి, ఇంకోచోట వదులుగా వేలాడుతోంది. నేను హబ్బు బేరింగులు పోయాయనుకుని రెండు రోజులు తిప్పలు పడ్డాను. అమ్మినతను ఫోన్ ఎత్తడం మానేశాడు. లేత్ మీద పట్టించి మధ్య సరిచేయించి, బుష్ వేయించాను.

రెండో దుఃఖం: ఫుట్‌రెస్టు. పాత బ్రాకెట్టుని 90 మిల్లీమీటర్లు వెనక్కి జరిపి ఫ్రేమ్ పైపుకి వెల్డింగ్ చేయించాను. నాలుగో రోజు గట్టు దిగుతుంటే కుడివైపుది నా బరువుతో సహా కిందికి వాలింది. వెల్డింగ్ ఊడలేదు. పక్కనున్న పైపు గోడే కాగితంలా చిరిగి బ్రాకెట్టుతో వచ్చేసింది. మోకాలికి దెబ్బ, పెద్దది కాదు. ఫ్రేమ్‌కి బొక్క, అది పెద్దది.

---

వెల్డర్‌బాబాయ్

ముందు మోకాలు చూసుకో.

అది అందరికీ జరిగేదే, నేను ముందే చెప్పకపోవడం నా తప్పు. ఫ్రేమ్ పైపు గోడ మందం రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. దానికి ఒక పక్క చిన్న ముక్క అతికించి, ఆ ముక్క చివర డెబ్బై కిలోల మనిషి దూకితే ఏమవుతుంది? వెల్డింగ్ పక్కన వేడికి మారిన సన్నటి గీత దగ్గర చిరుగుతుంది.

ఇలా చేయి. చిరిగిన చోటు దాటేంత పొడుగు మందపాటి ప్లేటు కోయించు, చివరలు చేప తోకలా చీల్చు. దాన్ని పైపు చుట్టూ సగం కప్పేలా వంచి, అంచుల వెంట అతికించు, పైపుకి అడ్డంగా ఎక్కడా వెల్డింగ్ గీత రానివ్వకు. ఫుట్‌రెస్టు ఆ ప్లేటు మీద. తర్వాత ఎడమ బ్రాకెట్టు నుంచి కుడి బ్రాకెట్టుకి ఇంజిన్ కింద నుంచి ఒక రాడ్డు. ఒకవైపు దెబ్బ తగిలితే రెండోవైపు పంచుకుంటుంది. ఇంజిన్ కింద ప్లేటు కూడా దానికే బిగించుకోవచ్చు.

ఇంకోటి. నీ ఫ్రేమ్ పైపులు కలిసేచోట పోత ముక్కలు, ఇత్తడితో అతికినవి కనబడితే అక్కడ ఆర్క్ వెల్డింగ్ అసలు పెట్టించకు. ఇత్తడి కరిగి ఇనుములోకి దిగితే ఆ చోటు గాజులా పగులుతుంది.

---

సున్నామార్కులు

గేరు లివరు సంగతేంటి? ఫుట్‌రెస్టు 90 వెనక్కి పోతే కాలికి అందదు కదా అని అడుగుతావేమోనని ముందే చెబుతున్నా. అందకపోవడమే మంచిది. సెక్షన్‌లో గేరు మార్చేది దాదాపు ఉండదు, ఫస్ట్‌లోనో సెకండ్‌లోనో వెళ్ళి అందులోనే బయటికొస్తావు. లివరు దగ్గరగా ఉంటే రాయి మీద కాలు సర్దుకునేటప్పుడు బూటు తగిలి న్యూట్రల్ పడుతుంది. అప్పుడు మార్కులు ఐదు, తిట్లు యాభై. వెనక బ్రేకు పెడలు మాత్రం బూటు ముందు భాగం కిందే ఉండాలి.

క్లచ్ ఒక వేలితో పట్టుకోగలుగుతున్నావా? లేకపోతే ఇంజిన్ దగ్గర కేబులు లాగే చెయ్యి కొంచెం పొడుగు చేయించు. ప్లేట్లు విడిపోయే దూరం తగ్గుతుంది కాబట్టి మరీ ఎక్కువ కాదు. పది మిల్లీమీటర్లు చాలు.

---

కొత్తకుర్రాడు

అన్నా, టైర్లలో గాలి ఎంత పెడతారు? నేను మామూలు బండికి ముందు 25, వెనక 30 పెడతాను.

---

సున్నామార్కులు

కూర్చుని చదువు. వెనక 5, ముందు 6. ట్రయల్స్ టైరు గోడలు మెత్తగా ఉంటాయి, ఆ గాలికి టైరు రాయిని చేత్తో పట్టుకున్నట్టు చుట్టుకుంటుంది. మామూలు రోడ్డు టైరుతో ఇది చేస్తే రిమ్ము వంగుతుంది.

ఇంత తక్కువ గాలికి రిమ్ములో టైరు జారి తిరుగుతుంది, ట్యూబు కూడా దానితో తిరిగి వాల్వు మొదలంటా తెగుతుంది. అందుకని రిమ్ లాక్ (టైరుని రిమ్ముకి నొక్కి పట్టే బిగింపు) తప్పనిసరి, వెనక రెండుంటే ఇంకా మంచిది. వాల్వు నట్టుని రిమ్ముకి బిగించకుండా పైన మూత దగ్గర వదిలేయ్. వాల్వు పక్కకి వాలడం కనిపిస్తే టైరు జారుతోందని తెలిసిపోతుంది. పెట్రోల్ బంకు గేజీలో 5 సరిగా కనబడదు, తక్కువ ప్రెషర్ గేజీ వేరే ఉంటుంది, అది కొనుక్కో. రోడ్డెక్కేముందు గాలి కొట్టించుకోవడం మర్చిపోకు.

---

పాతబండి175

రెండు నెలలయింది. ఆదివారం మొదటి పోటీ ఆడాను!

పది సెక్షన్లు, మూడు రౌండ్లు. బండి చెకింగ్‌లో మణికట్టుకి తాడు కట్టుకునే కిల్ స్విచ్ (మనిషి పడితే ఇంజిన్ ఆపేసేది) పట్టి పట్టి చూశారు. సరిగా ఉంది. స్ప్రాకెట్ రెక్క చూసి ఒకాయన మెచ్చుకున్నారు, బాబాయ్, ఆ మెచ్చుకోలు మీదే.

మొదటి రౌండ్లో 34 మార్కులు. ప్రతి సెక్షన్‌లోనూ కంగారుపడి థ్రాటిల్ ఇచ్చి, ఎగిరి, కాలు పెట్టాను. రెండో రౌండ్లో లెక్కలమాస్టారి మాట గుర్తొచ్చి ఫస్ట్ గేరులో క్లచ్ పూర్తిగా వదిలేశాను. బండి తనంతట తనే టుక్కు టుక్కుమని ఎక్కుతోంది. నేను చేయాల్సిందల్లా అడ్డుపడకుండా ఉండడమే. 21 వచ్చాయి. ఆరో సెక్షన్ వాగు సున్నాతో దాటాను. అబ్జర్వరు పిడికిలి పైకెత్తి సున్నా చూపిస్తే, ఎవరికో అనుకుని వెనక్కి తిరిగి చూశాను.

మూడో రౌండ్లో వాగు తర్వాత వెనక బ్రేకు పూర్తిగా పోయింది. డ్రమ్ములో నీళ్ళు. దిగుడులో పెడలు ఎంత తొక్కినా బండి ఆగలేదు, టేపు తెంచుకుని పొదలోకి వెళ్ళాను. ఆ ఐదుతో కలిపి 29. మొత్తం 84, పదకొండు మందిలో తొమ్మిదో స్థానం.

అరకిలో రింగు ఇంకా పెట్టలేదు. రెండుసార్లే ఆరిపోయింది. ఈ డ్రమ్ము నీళ్ళకి మాత్రం ఏదైనా చెప్పండి.

---

టూస్ట్రోక్‌పొగ

రెండుసార్లు ఆరిపోయిందంటే రింగు పెట్టాల్సిందే అని నేనంటాను. గురువుగారు వద్దంటారు. నువ్వు వచ్చే పోటీకి అరకిలో పెట్టి ఆడి, ఇక్కడ మార్కులు రాయి. మా పేచీ తీరుతుంది.

---

గ్రీజుచేతులు

రాయమను, చూద్దాం.

డ్రమ్ము మాట. వెనక బ్రేకు ప్లేటులో, చక్రం బిగించాక అన్నిటికన్నా కింద ఉండేచోట ఆరు మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి వేయి. వచ్చిన నీళ్ళు వచ్చినట్టే పోతాయి. ప్లేటుకీ డ్రమ్ముకీ మధ్య గాడి ఉంటుంది, దాంట్లో పల్చగా గ్రీజు రాయి. లోపల లైనింగుకి అంటకూడదు, అంటితే నీళ్ళే నయం అనిపిస్తుంది. వాగు దాటగానే పెడలు మెల్లగా తొక్కి పట్టుకుని కాస్త దూరం పోతే లైనింగు తడి ఆరుతుంది, దిగుడు వచ్చేసరికి బ్రేకు ఉంటుంది.

రంధ్రం వేసేముందు బ్రేకు షూలు విప్పి పక్కన పెట్టు. డ్రిల్లు బిట్టు ఎటు బయటికొస్తుందో చూసుకో. ఇది నేనెలా నేర్చుకున్నానో అడక్కు.

---

పాతబండి175

అడిగాను.

---

గ్రీజుచేతులు

కొత్త లైనింగులు గురూ. వేసి గంట కూడా కాలేదు.